వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. బట్టల దుకాణంలో పని. రెండు నెలలుగా నడుము నుంచి కుడి తొడ వెనుకగా పిక్క దాటి మడమ వరకు నొప్పి లాగుతోంది. ఎమ్మారై తీసి, నడుము అడుగున ఎల్5-ఎస్1 అనే వెన్నుపూసల మధ్య డిస్క్ జారిందన్నారు. మాత్రలు, ఫిజియోథెరపీతో కొంతే తగ్గడంతో వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. నాకు షుగర్ ఉంది. ఆ సూదితో కాళ్లు పడిపోతాయని ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు నడుము కంటే కాలి నొప్పి గురించే ఎక్కువ రాశారు, ఈ ఇంజెక్షన్ విషయంలో చూడవలసింది కూడా అదే. డిస్క్‌లోని మెత్తని గుజ్జు బయటికి పొడుచుకువచ్చినప్పుడు పక్కనున్న నరాన్ని నొక్కడమే కాకుండా, దాని చుట్టూ వాపును కూడా పుట్టిస్తుంది. స్టెరాయిడ్ ఆ వాపును తగ్గిస్తుంది కాబట్టి కాలిలోకి పాకే నొప్పికి కొంత పనిచేస్తుంది, నడుము నొప్పి ఒక్కటే ఉన్నవారికి అంతగా ఉపయోగపడదు. జారిన డిస్క్‌ను అది వెనక్కి నెట్టదు. అయితే చాలామందిలో ఆ గుజ్జు కొన్ని నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది. ఈలోగా నడవడానికి, నిద్రపోవడానికి, వ్యాయామం చేయడానికి వీలు కల్పించడమే ఈ సూది పని. ఉపశమనం కొందరికి కొన్ని వారాలు, కొందరికి రెండు మూడు నెలలు ఉంటుంది, కొందరికి అసలు ఉండదు.

మీ ఇంట్లోవాళ్ల భయం పూర్తిగా నిరాధారం కాదు. వెన్నుపాముకు రక్తం అందించే ధమనిలోకి మందు వెళితే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఇది చాలా అరుదే అయినా, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో దీనిపై ప్రత్యేకంగా హెచ్చరించింది. అందుకే రోగిని బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తిచ్చి, సి-ఆర్మ్ ఎక్స్‌రే తెరపై సూది మొనను చూస్తూ, ముందుగా ఎక్స్‌రేలో కనిపించే కాంట్రాస్ట్ మందు ఎక్కించి అది ఎటు పాకుతోందో గమనించిన తర్వాతే స్టెరాయిడ్ ఇస్తారు. ఆ క్షణంలో మీకు అలవాటైన కాలి నొప్పే ఒక్కసారి జివ్వుమనవచ్చు. సి-ఆర్మ్ లేకుండా చేతి అంచనాతో చేస్తామనే చోట మాత్రం చేయించుకోకండి.

షుగర్ ఉన్నంత మాత్రాన ఇంజెక్షన్ మానుకోనక్కరలేదు. కానీ ఆ తర్వాత కొన్ని రోజులపాటు, ఒక్కోసారి వారం దాటి కూడా, చక్కెర బాగా పెరుగుతుంది. ముందే మీ షుగర్ డాక్టరుతో మాట్లాడి, ఆ రోజుల్లో ఇంట్లోనే గ్లూకోమీటరుతో చూసుకోండి. మందుల మోతాదు సొంతంగా మార్చవద్దు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా, జ్వరం గానీ ఎక్కడైనా చీముపుండు గానీ ఉన్నా తప్పక చెప్పాలి.

ఈ లోపల ఒక పరీక్ష మీరే చేసుకోవచ్చు. గోడ పట్టుకుని కుడికాలి మునివేళ్లపై లేచి నిలబడండి. ఎడమకాలితో సులువుగా లేస్తూ కుడికాలితో లేవలేకపోతుంటే నరం బలహీనపడుతోందని అనుమానించాలి. ఇంజెక్షన్ తేదీ కోసం ఆగకుండా వెన్నెముక సర్జన్‌కు చూపించుకోండి. మూత్రం బిగుసుకుపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, కూర్చునే భాగమంతా మొద్దుబారినా అదే రోజు, అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. అప్పుడు కావలసింది సూది కాదు, ఆపరేషన్.