పాటతో జైలు తలుపులు తెరుచుకుంటాయా?

ప్రశ్న: రాజకీయ ఖైదీల విడుదల కోరే పాటలతో మా కళాశాలలో ఒక కార్యక్రమం చేయాలనుకుంటున్నాం. పాటలు పాడితే ఎవరినీ వదిలిపెట్టరని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఇలాంటి పాటల వల్ల నిజంగా ఎవరైనా విడుదలయ్యారా?
— ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: పాట ఒక్కటే ఎవరినీ విడిపించలేదు. అయితే జైల్లో ఉన్న మనిషి పేరును జనం నోట నిలపడంలో పాట చేసే పని కరపత్రాలకు, ఉపన్యాసాలకు సాధ్యం కాదు. 1964లో యావజ్జీవ శిక్ష పడిన నెల్సన్ మండేలా మాటలను ప్రచురించడం కూడా దక్షిణాఫ్రికాలో నిషిద్ధంగా ఉన్న రోజుల్లో, బ్రిటిష్ సంగీతకారుడు జెర్రీ డామర్స్ 1983లో లండన్‌లో ఆయన పుట్టినరోజు సందర్భంగా జరిగిన కచేరీకి వెళ్లి, అక్కడ ఆయన గురించి తెలుసుకుని పాట రాశారు. 1984లో వచ్చిన ఆ ‘ఫ్రీ నెల్సన్ మండేలా’ శోకగీతం కాదు, అడుగు వేయించే హుషారైన పాట. పల్లవిలో ఉన్నదల్లా ఖైదీ పేరు, విడుదల చేయాలన్న డిమాండు మాత్రమే కావడంతో, ఒకసారి విన్నవారు రెండోసారికి గొంతు కలపగలిగారు. ప్రవాసంలో ఉన్న దక్షిణాఫ్రికా సంగీతకారుడు హ్యూ మసెకెలా 1987లో, మండేలాను సొంత ఊరు సొవెటోకు తిరిగి తీసుకురావాలని, ఆయన దక్షిణాఫ్రికా వీధుల్లో నడిచే రోజును చూడాలని కోరుతూ పాడారు. 1990 ఫిబ్రవరి 11న మండేలా విడుదలయ్యారు. దానికి ప్రధాన కారణాలు దేశంలోపలి ప్రజాపోరాటం, బయటి ఆంక్షలే. ఆ ఒత్తిడి ఏళ్ల తరబడి సడలకుండా చూడడంలో పాటల పాత్ర ఉందని నా నమ్మకం.

అమెరికాలో రెండు గంజాయి చుట్టలకు పదేళ్ల శిక్ష పడిన కవి, ఉద్యమకారుడు జాన్ సింక్లెయిర్ కోసం 1971 డిసెంబరు 10న జరిగిన సభలో గాయకుడు జాన్ లెనన్ పాడగా, మూడు రోజులకే సింక్లెయిర్ విడుదలయ్యారు. ఘనతంతా పాటకే కట్టబెట్టకూడదు. గంజాయి కేసుల్లో శిక్షలను తగ్గిస్తూ ఆ కేసు నడిచిన మిషిగన్ రాష్ట్ర శాసనసభ అంతకుముందే చట్టం సవరించింది.

మీ పెద్దలకు గరిమెళ్ల సత్యనారాయణను గుర్తుచేయండి. పాటకు బలమే లేకపోతే ‘మా కొద్దీ తెల్ల దొరతనము’ రాసి పాడినందుకు ఆయనను తెల్లదొరలు జైల్లో ఎందుకు పెట్టినట్టు?

ఇంగ్లీషు పాటలతోనే కార్యక్రమం నింపకండి. శ్రీకాకుళం ఉద్యమ కాలంలో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ అనే జానపద కళారూపం ద్వారానే పల్లెలను కదిలించారు. కథకుడి మాటను వంతవారు అందుకునే ఆ పద్ధతి, పేరును పదేపదే పలకవలసిన ఇటువంటి పాటకు ఎంతో అనువైనది. ప్రతి పాటకూ ముందు ఆ ఖైదీ ఎవరో, మోపిన నేరమేమిటో, విచారణ ఎక్కడిదాకా వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పి, ఆ తర్వాతే పల్లవి ఎత్తుకోండి.