92 శాతం కలిసినా కప్పా 0.33 ఎందుకు వచ్చిందంటే

ఇద్దరు పరిశీలకులు ఒక్కో 10 సెకన్ల గడిలో ధ్యాస తప్పడం "ఉంది" అనిపిస్తే టిక్ పెట్టారు. 92 శాతం గడుల్లో కలిసినా కప్పా (యాదృచ్ఛికంగా కలిసే వాటా తీసేసి ఇద్దరి ఒప్పుదలని కొలిచే అంకె) 0.33 మాత్రమే వచ్చిందేమని మీరు అడిగారు. మీ లెక్క తప్పు కాదు. ధ్యాస తప్పడం అరుదుగా కనిపించే ప్రవర్తన కావడమే కారణం. 120 గడుల్లో ఇద్దరూ "లేదు" అన్నవే 107. ఆ ఒప్పుదల చాలావరకు యాదృచ్ఛికంగానూ వస్తుంది, కప్పా దాన్ని తీసేస్తుంది. "ఉంది" అన్న గడులే చూడండి: ఇద్దరూ కలిసినవి 3, ఒక్కరే టిక్ పెట్టినవి ఐదేసి. 13కి 3, అంటే 23 శాతమే. అసలు సమస్య ఇదే.

ఫార్ములా మార్చే ముందు, చాలామంది వదిలేసే పని ఒకటి చేయండి: టైమింగ్ చూడండి.

1. రెండో పరిశీలకుడి కాలమ్‌ని ఎక్సెల్‌లో ఒక గడి పైకి, తర్వాత ఒక గడి కిందికి జరిపి కప్పా మళ్లీ లెక్కించండి.
2. ఒక్కసారిగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టలేదన్నమాట. 10 సెకన్ల గడిలో 4 సెకన్ల తేడా చాలు, టిక్ పక్క గడిలో పడొచ్చు. గడి నంబరు చదివే ఒకే ఆడియోని ఇద్దరూ ఇయర్‌ఫోన్లలో వినాలి.
3. పెరగకపోతే నిర్వచనం చూడండి. ఒకరు క్షణం కనిపించినా టిక్ పెడుతూ, ఇంకొకరు గడంతా ఉంటేనే పెడుతున్నారేమో. "వరుసగా 3 సెకన్లు చూపు పని మీద లేకపోతే" లాంటి హద్దు రాసుకోండి.

జరిపిన డేటాని మాత్రం థీసిస్‌లో పెట్టకండి, అది కారణం పట్టుకోవడానికే. వీడియో మీద మళ్లీ సాధన చేసి, కొత్త సెషన్‌తో లెక్కించండి. కప్పాతో పాటు "ఉంది" గడుల శాతమూ రాయండి.