కన్ను బాగైనా చూపు రాలేదు

"పిల్లిపిల్ల వారం పది రోజుల దాకా కళ్లు తెరవదు, ఆవుదూడ మాత్రం పుట్టగానే చూస్తుంది, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాలు పుట్టిన తర్వాత కూడా పెరుగుతాయా?" అన్నది మీ ప్రశ్న. దారి పుట్టేనాటికే పడి ఉంటుంది. అందులో ఏ ముడి నిలవాలి, ఏది ఊడాలి అన్నది మాత్రం చూసే పని మొదలైన తర్వాతే తేలుతుంది. ఈ సంగతి నాకు మొదట నా ఎడమ కన్నే చెప్పింది.

సింగరాయకొండ దగ్గరి పల్లెలో పుట్టిన నాకు ఆ కంటిలో పుట్టుకతోనే శుక్లం ఉంది. "పిల్లవాణ్ని కాస్త ఎదగనివ్వండి, తొందరేముంది" అని ఒక వైద్యుడు అన్న మాట పట్టుకుని మా నాన్నగారు తొమ్మిదేళ్లు ఆగారు. ఒంగోలులో ఆపరేషన్ చక్కగా జరిగింది. కొన్ని వారాల తర్వాత అద్దాలు పెట్టి, కుడి కన్ను మూసి, "ఎన్ని వేళ్లు?" అని అడిగారు. వెలుగు, అందులో కదిలే నీడ తప్ప నాకేమీ కనిపించలేదు. అమ్మ బాధపడుతుందన్న భయంతో "మూడు" అన్నాను. అప్పటికి డాక్టరుగారు చేయి ఎత్తనే లేదట.

తప్పు కంటిలో లేదు. 1960ల తొలి ఏళ్లలో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లిపిల్లల ఒక కంటి రెప్పలు కుట్టి, కొన్ని నెలలకు విప్పి పరీక్షించారు. రెటీనా, అంటే కంటి లోపల వెలుగును పట్టే పొర, బాగానే ఉంది గాని, మెదడు వెనుక భాగంలోని దృష్టి కణాలు దాదాపు అన్నీ రెండో కంటికే పలికాయి. నెల వయసులో మూడు నాలుగు రోజులు మూసినా నష్టమే. పెద్దపిల్లికి నెలల తరబడి మూసినా అలా జరగలేదు. విచిత్రమేమంటే, రెండు కళ్ల రెప్పలూ ఒకేసారి కుట్టినప్పుడు ఇంత చేటు కలగలేదు. అంటే ఇది పొలం గట్టు తగాదా వంటిది: ఒకరు సాగు మానేస్తే పక్కవాడు గట్టు జరుపుకుంటాడు. ఈ కృషికి వారికి 1981లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఒంగోలు దూడ పుట్టగానే చూస్తే మావాళ్లు జాతి గొప్పతనమని మురిసిపోతారు. ఆవు తొమ్మిది నెలలకు పైగా మోస్తుంది, పిల్లి సుమారు రెండు నెలలే. దూడ ఆ పనిలో చాలా భాగం కడుపులోనే ముగించుకుని వస్తుంది, అంతే. పిల్లిపిల్ల కూడా రెప్పల వెనుక ఊరికే ఉండదు. వెలుగు లేకపోయినా రెటీనా కణాలు అలలు అలలుగా సంకేతాలు పంపి, దారిని కొంత సర్దుతాయి.

మనిషి బిడ్డ కళ్లు తెరిచే పుట్టినా ఈ విషయంలో పిల్లిపిల్లకే దగ్గరి చుట్టం. ఒక కంటిలో దట్టమైన శుక్లం ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాలలోపే తీయించాలని నేటి వైద్యులు చెబుతారు. చూపు మందగించిన కంటి కోసం మంచి కన్ను మూసి ఉంచే చికిత్స కూడా ఏడేళ్లలోపే బాగా పనిచేస్తుంది. బడిలో జరిగే పరీక్షలను నమ్ముకోకండి. పిల్లలు వేళ్ల సందుల్లోంచి చూస్తారు, ముందువాడు చదివిన అక్షరాలే అప్పజెబుతారు. మా మేనకోడలికి అలాగే రెండుసార్లు "చూపు బాగుంది" అని రాసిచ్చారు. ఆ పిల్లను కూర్చోబెట్టి, కుడి కన్ను గుడ్డతో గట్టిగా కట్టి, గోడమీది క్యాలెండరు చదవమన్నది నేనే. తేదీ కాదు గదా, క్యాలెండరు ఎక్కడుందో కూడా చెప్పలేకపోయింది. అప్పటికి దానికి అయిదేళ్లు.