జీను కింద ప్యాడ్ కొనేముందు

అమ్మలూ,

బాగా మందంగా, మెత్తగా ఉన్న ప్యాడ్ కొంటే గుర్రానికి సుఖంగా ఉంటుంది కదా అని అడిగావు. ఉండదు. కొత్తగా రైడింగ్ మొదలుపెట్టిన వాళ్ళందరికీ ముందు తట్టేది ఆ ఆలోచనే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్యాడ్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు జీను చూడు. ఉట్టి వీపు మీద జీను వేసి గర్త్ (జీను జారకుండా గుర్రం పొట్ట కింద నుంచి కట్టే పట్టీ) బిగించి ముందు నుంచి చూస్తే, మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టేంత సందు ఉండాలి, నువ్వెక్కి కూర్చున్నాక కూడా అది మూసుకుపోకూడదు. జీను కుదిరిందంటే పల్చటి క్విల్టెడ్ (పొరలు కలిపి గళ్ళుగా కుట్టిన) కాటన్ ప్యాడ్ చాలు. చెమట పీల్చడం, తోలుకి మురికి అంటకుండా చూడటం, కొంచెం రాపిడి తగ్గించడం, దాని పని అంతే. ఇరుకు జీను కింద మందపాటి ప్యాడ్ వేయడమంటే బిగుతు బూట్లలోకి రెండు జతల సాక్సులతో కాళ్ళు దూర్చడమే. నొప్పి ఇంకా పెరుగుతుంది. గుర్రం ఒళ్ళు తగ్గి జీను కొద్దిగా వదులైతే హాఫ్ ప్యాడ్ (మామూలు ప్యాడ్ మీద అదనంగా వేసే చిన్న మెత్త) కొన్నాళ్ళు ఆదుకుంటుంది గానీ, దాన్ని శాశ్వత పరిష్కారం అనుకోకు, జీను సరిచేసే వాళ్ళని పిలిపించు.

ఇక ఆకారం. డ్రెస్సాజ్ (గుర్రాన్ని సైగలతో పద్ధతిగా నడిపించే రకం స్వారీ) జీను రెక్కలు నిటారుగా, పొడుగ్గా దిగుతాయి, జంపింగ్ జీనువి ముందుకి వంగి ఉంటాయి, కాబట్టి నీ జీను ఏ రకమో దానికి తగ్గ ప్యాడే కొనాలి. వేసి చూస్తే చుట్టూరా అంచు జీను బయటికి కనబడాలి. అంచు కుట్టు గానీ పైపింగ్ (అంచుకి కుట్టే లావు తాడు లాంటి పట్టీ) గానీ జీను కిందకి పోయిందంటే ఆ గీత సరిగ్గా నీ బరువు పడే చోట ఒత్తుకుంటుంది, ఎంత అందంగా ఉన్నా ఆ ప్యాడ్ వద్దు. నేనైతే అన్నిటికన్నా ముందు చూసేది ప్యాడ్ మధ్యలో, గుర్రం వెన్ను మీద పడే గీత. మూపు దగ్గర పైకి లేచి, వీపు వంపుని అనుసరించి కుట్టినది మంచిది. తిన్నగా కోసిన గుడ్డ నువ్వు స్వారీ చేస్తున్న కొద్దీ కిందకి లాక్కుపోయి మూపు మీద బిగుసుకుంటుంది.

వేసే తీరు కూడా నేర్చుకో. ప్యాడ్‌ని కొంచెం ముందుకి, మూపు మీదకి పెట్టి, వెంట్రుకలు వాలే వైపుకి వెనక్కి జరుపు, వెనక నుంచి ముందుకి మాత్రం నెట్టకు, వెంట్రుకలు ఎదురు తిరిగి గుచ్చుకుంటాయి. జీను పెట్టాక, గర్త్ బిగించే ముందు, మూపు దగ్గర ప్యాడ్‌ని వేళ్ళతో పట్టుకుని జీను మధ్య సందులోకి పైకి లాగు, కింద నుంచి చెయ్యి పెడితే గాలి ఆడుతున్నట్టు తెలియాలి. చాలామంది ఈ ఒక్క పని మర్చిపోయి ప్యాడ్‌ని తిడతారు! ప్యాడ్ పక్కన ఉండే పట్టీలు గర్త్‌తో కలిసి ప్యాడ్‌ని కిందకి గుంజుతున్నాయేమో కూడా చూసుకో.

బట్ట విషయానికొస్తే, కాటన్ ఉతకడం తేలిక, రోజువారీకి అదే నయం. గొర్రె ఉన్ని ఒత్తిడిని బాగా పంచుతుంది, గాలి ఆడనిస్తుంది, కానీ ఖరీదెక్కువ, ఉతకడం ఓ తద్దినం. జెల్ నాకు నచ్చదు, బరువు, వేడి.

స్వారీ అయ్యాక జీను తీసి వీపు చూడు. చెమట రెండు వైపులా ఒకేలా పట్టి, మధ్యలో వెన్ను మాత్రం పొడిగా ఉంటే సరే. చెమట మరక మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనబడితే అక్కడ గట్టిగా నొక్కుతోందనో, లేదా అసలు ఆనడం లేదనో అనుమానించాలి. చేత్తో నొక్కి చూడు, గుర్రం వీపు దించేస్తే, చెవులు వెనక్కి వంచితే నొప్పి ఉన్నట్టే. నల్ల గుర్రానికో ఎర్ర గుర్రానికో జీను పడే చోట తెల్ల వెంట్రుకలు మొలిచాయంటే పాత ఒత్తిడి గుర్తు అది, ఒకసారి తెల్లబడ్డాక అవి మళ్ళీ రంగుకి రావడం అరుదు.

ఎండిన చెమటతో అట్టకట్టిన ప్యాడ్ మళ్ళీ వేయకు. తక్కువ సబ్బుతో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించు, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు. ఒక గుర్రం ప్యాడ్ ఇంకో గుర్రానికి వేస్తే తామర అంటుకోవచ్చు, అందుకని ఒకటి కాదు, మార్చి మార్చి వాడుకోవడానికి రెండు మామూలువి కొనుక్కో. రంగు నీ ఇష్టం, పోటీలకైతే మాత్రం నిబంధనలు చూసుకుని కొను.