చీకటిలో దిగే విమానాలు: సరిహద్దు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2023 ఏప్రిల్ 27 రాత్రి మన వాయుసేన హెర్క్యులిస్ (సి-130జె) రవాణా విమానం ఒకటి, అంతర్యుద్ధంలో ఉన్న సూడాన్‌లో ఖార్టూమ్‌కు ఉత్తరాన ఉన్న వాది సయ్యిద్నా అనే పాడుబడిన రన్‌వేపై దిగి, 121 మందిని జెద్దా చేర్చిన సంగతిని కిందటి సంచికలో ప్రస్తావించాము. దానిపై ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఊరి హెచ్.ఏ.ఎల్. (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) కర్మాగారంలో తయారయ్యే ఇంజన్లను ఇలాంటి విమానాలకు కూడా వాడతారా? (ఒక పాఠకుడు, సునాబేడ)

జవాబు: వాడరు. 1960లలో మిగ్-21 ఇంజన్ల కోసం వెలసిన మీ కర్మాగారం నేడు సుఖోయ్-30 ఇంజన్లు తయారు చేస్తోంది. అవి యుద్ధ విమానాలకు వేగాన్ని ఇచ్చే జెట్ ఇంజన్లు. హెర్క్యులిస్‌కు ఉన్నవి నాలుగు రోల్స్‌రాయిస్ టర్బోప్రాప్ ఇంజన్లు, ఒక్కొక్కదానికి ఆరు రెక్కల ప్రొపెల్లర్. నేలను తాకిన వెంటనే ఆ రెక్కల కోణాన్ని తిప్పి గాలిని ముందుకు నెట్టడం వల్ల విమానం కొద్ది దూరంలోనే ఆగుతుంది. అవసరమైతే నేలపై వెనక్కి కూడా నడుస్తుంది.

ప్రశ్న: మన దేశంలో ప్రత్యేక దళాల కోసం పనిచేసే స్క్వాడ్రన్లు ఏవి? వాటి విమానాలలో మామూలు వాటికి లేనిది ఏముంది? (ఒక కళాశాల విద్యార్థి, గుణుపురం)

జవాబు: ప్రధానంగా చెప్పుకోవలసినవి రెండు: ఢిల్లీ పక్కన హిండన్‌లోని 77వ స్క్వాడ్రన్, పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్‌లో ఉన్న 87వ స్క్వాడ్రన్. 2008లో ఆరు సి-130జె విమానాలకు ఒప్పందం కుదరగా, 2011 నుంచి అవి హిండన్ చేరాయి. తరువాత మరో ఆరింటిని కొన్నారు. సైన్యపు పారా కమాండోలను, 2004లో ఏర్పడిన వాయుసేన గరుడ్ దళాన్ని శత్రువు కంటపడకుండా చేర్చడం, పని ముగిశాక వెనక్కి తీసుకురావడం వీటి ముఖ్య బాధ్యత.

మీ రెండో ప్రశ్నకు జవాబు మీరు ఊహించినంత రహస్యంగా ఉండదు. హెర్క్యులిస్ 1954లో తొలిసారి ఎగిరిన సరుకుల విమానం. నేటికీ ఎన్నో దేశాలలో బియ్యం బస్తాలు, మందుల పెట్టెలు మోస్తోంది. ముక్కు కింద వేడిని గుర్తించే పరారుణ కెమెరా, క్షిపణి వస్తే హెచ్చరించే పరికరం, దానిని దారి తప్పించే మంటల గుళికలు వంటివి అదనం. అసలు తేడా కాక్‌పిట్‌లో కూర్చున్న మనుషులలో ఉంది. రాత్రి చూపు కళ్ళద్దాలు నక్షత్రాల మసక వెలుతురును ఎలక్ట్రాన్లుగా మార్చి, వాటిని వేల రెట్లు పెంచి, చిన్న తెరపై బొమ్మగా చూపిస్తాయి. అయితే ఆ బొమ్మలో లోతు తెలియదు. మామూలు కంటికి దాదాపు 200 డిగ్రీల మేర కనిపించే లోకం అందులో 40 డిగ్రీలకు కుదించుకుపోతుంది. నేల ఇంకా పది అడుగులు ఉందో, ముప్పై అడుగులు ఉందో కంటితో తేల్చుకోలేని స్థితిలో, పక్కనున్న పైలట్ రేడియో ఆల్టిమీటర్ (నేల నుంచి ఎత్తును కొలిచే పరికరం) చూసి చెప్పే అంకెలను నమ్మి విమానాన్ని దించాలి. సూడాన్‌లో రన్‌వే దీపాలు లేవు, ఇంధనం దొరకదు, ప్రయాణికులు ఎక్కుతున్నంతసేపూ ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇలాంటి పనికి సాధన కూడా ప్రమాదకరమే. 2014 మార్చి 28న గ్వాలియర్ సమీపంలో తక్కువ ఎత్తులో శిక్షణ విహారం చేస్తుండగా 77వ స్క్వాడ్రన్ విమానం కూలి, అందులోని అయిదుగురూ మరణించారు.

ప్రశ్న: మా విమానాశ్రయంలో తొమ్మిది సీట్ల చిన్న విమానం దిగుతోంది. అక్కడ హెర్క్యులిస్ దిగగలదా? (ఒక వ్యాపారి, జయపురం)

జవాబు: పొడవు ఒక్కటే చూస్తే సరిపోదు. తక్కువ బరువుతో వస్తే హెర్క్యులిస్‌కు సుమారు ఒక కిలోమీటరు చాలు. కానీ మీ చిన్న విమానం నిండా ఎక్కినా నాలుగు టన్నులకు మించదు. హెర్క్యులిస్ గరిష్ఠంగా 74 టన్నుల వరకు తూగుతుంది. ఆ బరువును నేల మోయగలదా అన్నది ఇంజనీర్లు పరీక్షించి తేల్చవలసిన విషయం. తారు తప్పనిసరి కాదు. 2013 ఆగస్టు 20న లదాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, సముద్ర మట్టానికి 16,614 అడుగుల ఎత్తున, మట్టి నేలపైనే మన హెర్క్యులిస్ దిగింది. గాలి అంత పలచగా ఉన్న చోట దిగడం కంటే మళ్ళీ లేవడమే పెద్ద పరీక్ష.

ప్రశ్న: మా తాతగారు రంగూన్‌లో కూలి పనిచేసి 1942లో తిరిగి వచ్చారు. ఆ తరువాత ఇంజన్ లేని విమానాలు బర్మా అడవులలో దిగాయని ఎవరో చెప్పగా విన్నారట. నమ్మవచ్చునా? (ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: నిస్సందేహంగా నమ్మవచ్చును, అమ్మా. అవి గ్లైడర్లు. జపాన్ సేనల వెనుక పోరాడే బ్రిటిష్ చిండిట్ దళాలకు తోడుగా అమెరికా ఒక ప్రత్యేక విమాన బృందాన్ని పంపింది. దాని పేరు ఫస్ట్ ఎయిర్ కమాండో, నాయకులు ఫిలిప్ కోక్రన్, జాన్ ఆలిసన్. 1944 మార్చి 5 సాయంత్రం అస్సాంలోని లాలాఘాట్ నుంచి ఒక్కొక్క డకోటా రవాణా విమానం రెండేసి గ్లైడర్లను తాళ్ళతో లాగుతూ బయలుదేరవలసి ఉండగా, ఆఖరి ఘడియలో ఒక ఫొటో వచ్చింది. దిగవలసిన రెండు మైదానాలలో ఒకదాని నిండా దుంగలు అడ్డంగా పడి ఉన్నాయి. అందరినీ బ్రాడ్‌వే అని పేరు పెట్టుకున్న రెండో మైదానానికి మళ్ళించారు. కొండల మీద కొన్ని తాళ్ళు తెగిపోయాయి. గమ్యం చేరిన వాటిలోనూ కొన్ని, గడ్డిలో కనబడని గోతులకూ మొద్దులకూ తగిలి విరిగిపోయాయి, చాలామంది చనిపోయారు. అయినా మిగిలినవారు గ్లైడర్‌లో తెచ్చుకున్న చిన్న బుల్డోజర్‌తో నేల చదును చేయగా, మరునాటి రాత్రికే డకోటాలు అక్కడ దిగాయి. వారం రోజుల్లో సుమారు 9,000 మంది సైనికులనూ, వెయ్యికి పైగా కంచర గాడిదలనూ ఇలా చేరవేశారు.

అదే ఏడాది ఏప్రిల్ చివరలో ఆ బృందపు హెలికాప్టర్ ఒకటి, శత్రు ప్రాంతంలో చిక్కిన నలుగురిని బయటకు తెచ్చింది. యుద్ధరంగంలో హెలికాప్టర్ మనుషులను రక్షించడం అదే మొదలు. ఎండ వేడిమికి ఇంజన్ బలం చాలక ఒక్కొక్కరినే మోయవలసి వచ్చింది. నేడు ఫ్లోరిడాలో ఉన్న అమెరికా ప్రత్యేక విమాన విభాగం తన వంశక్రమాన్ని ఈ బృందం నుంచే లెక్కించుకుంటుంది.

ప్రశ్న: 1980లో ఇరాన్‌లో అమెరికా హెలికాప్టర్లు దుమ్ము వల్ల విఫలమయ్యాయని చదివాను. అంత పెద్ద సైన్యం వాతావరణాన్ని అంచనా వేయలేకపోయిందా? (ఒక ఉపాధ్యాయుడు, రాయగడ)

జవాబు: నేరమంతా దుమ్ము మీదికి నెట్టడం సరికాదని మా అభిప్రాయం. ఏప్రిల్ 24న టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయ బందీలను విడిపించడానికి నిమిట్జ్ అనే విమానవాహక నౌక నుంచి ఎనిమిది హెలికాప్టర్లు బయలుదేరాయి. ఒకటి రోటర్ రెక్కలో లోపం ఉందన్న హెచ్చరికతో దారిలోనే ఆగింది, ఒకటి దుమ్ములో వెనుదిరిగింది, మరొకటి ఎడారిలో దిగాక హైడ్రాలిక్ లోపంతో పనికిరాకుండా పోయింది. కనీసం ఆరు కావలసి ఉండగా అయిదే మిగలడంతో ప్రయత్నం విరమించారు. తిరిగి వెళ్ళే తొందరలో ఒక హెలికాప్టర్ హెర్క్యులిస్‌ను ఢీకొని ఎనిమిది మంది చనిపోయారు. హెలికాప్టర్లు నౌకాదళానివి, నడిపినవారిలో ఎక్కువమంది మెరైన్లు, విమానాలు వాయుసేనవి, కమాండోలు సైన్యానికి చెందినవారు. వీరందరూ కలిసి మొత్తం పథకాన్ని ఒక్కసారైనా ఆమూలాగ్రం సాధన చేయలేదు. వేరువేరుగా వాయించిన మేళం పెళ్ళి పందిట్లో మొదటిసారి కలిసినట్లు అయింది. ఆ దెబ్బతోనే మరుసటి ఏడాది కెంటకీలో, రాత్రి పనికే అంకితమైన హెలికాప్టర్ దళాన్ని ఏర్పరిచారు. అదే నేటి 160వ రెజిమెంట్.

సాధన ఉన్నా చిన్న తేడా చాలు. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్ ఇంటిపై దాడికి వెళ్ళిన ఆ రెజిమెంట్ హెలికాప్టర్ ఒకటి ఆ ఇంటి ఆవరణలోనే కూలింది. అభ్యాసానికి కట్టిన నమూనాకు తీగ కంచె ఉండగా, అక్కడ ఎత్తైన గట్టి గోడ ఉండడం వల్ల రోటర్ కిందికి నెట్టిన గాలి బయటకు పోలేక సుడి తిరిగిందని తరువాత వివరించారు.

ప్రశ్న: మా మల్కనగిరి అడవుల మీద తిరిగే భద్రతా దళాల హెలికాప్టర్లు ఈ స్క్వాడ్రన్లవేనా? (ఒక పాఠకుడు, మోటు)

జవాబు: కావు. మావోయిస్టు ప్రాంతాలలో సేవలు అందించినవి సరిహద్దు భద్రతా దళపు విమాన విభాగం, వాయుసేన ఎం.ఐ-17 యూనిట్లు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, ఎన్నికల సిబ్బందిని మోయడం వాటి పనులలో ముఖ్యమైనవి.

ప్రశ్న: మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది, హెర్క్యులిస్ నడపాలని కోరిక. దారి ఏది? (ఒక తండ్రి, బరంపురం)

జవాబు: ఈ స్క్వాడ్రన్లకు నేరుగా నియామకం ఉండదు. గణితం, భౌతికశాస్త్రం చదివి ఉంటే, 2022 నుంచి అమ్మాయిలను కూడా చేర్చుకుంటున్న ఎన్.డి.ఎ. (జాతీయ రక్షణ అకాడమీ) పరీక్ష మొదటి దారి. డిగ్రీ తరువాత వాయుసేన ప్రవేశ పరీక్ష ఆఫ్‌క్యాట్ రెండోది. హైదరాబాదు దగ్గర దుండిగల్ అకాడమీలో శిక్షణ అయ్యాక రవాణా విభాగం దక్కాలి. అక్కడ అనుభవం గడించిన తరువాతే హెర్క్యులిస్ మాట. కంటిచూపు నిబంధనలు కఠినంగా ఉంటాయి కనుక దరఖాస్తుకు ముందే వైద్యుని చేత పరీక్ష చేయించండి.