అమ్ములూ, చెయ్యి పెట్టే ముందు అడుగు

అమ్ములూ,

నిన్న రాత్రి పదిన్నరకి మీ నాన్న ఫోన్ చేశాడు, ఆ టైంలో వాడి ఫోన్ వస్తే నానమ్మకి ఏమైనా అయిందేమో అని నాకు కాళ్ళు చల్లబడతాయి. "అక్కా, అమ్ములుకి రాజేంద్రనగర్‌లో వెటర్నరీ సీటొచ్చింది" అన్నాడు. నేను వేసిన కేకకి మీ మామయ్య టీవీ ఆపేసి హాల్లోంచి పరుగెత్తుకొచ్చాడు. ఇంతా చెప్పి మీ నాన్న కాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "పంపమంటావా?" అన్నాడు. నీకది వింతగా ఉండొచ్చు, అక్క ముప్పై ఏళ్ళు చేసిన పనికి కూతుర్ని పంపడానికి వెనకాముందాడటం ఏంటని. వాడికో కారణం ఉంది, నీకెప్పుడూ చెప్పి ఉండడు. నేను చెప్తాను, కానీ ముందు వేరేవి చెప్పనీ.

కోర్సు ఐదున్నరేళ్ళు, నాలుగున్నర చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, అది నీకు తెలుసు. అటెండెన్స్ పోగొట్టుకోకు. హాస్టల్ మెస్ బాలేదని మ్యాగీతో కడుపు నింపుకోకు. డిగ్రీ చేతికొచ్చాక స్టేట్ వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవరి ఆవుకీ ట్రీట్‌మెంట్ చెయ్యకు, చుట్టాలడిగినా సరే. వీటి గురించి ఇంకేం చెప్పను.

నేను 1981లో చేరాను ఆ కాలేజీలో. అది 1946 నాటి కాలేజీ, నేను చదివేటప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది, వెటర్నరీకి వేరే యూనివర్సిటీ తిరుపతిలో 2005లో పెట్టారు, మన తెలంగాణకి 2014లో వచ్చింది, పీవీ నరసింహారావు గారి పేరుతో. ఫస్ట్ ఇయర్‌లో అనాటమీ అందర్నీ ఏడిపిస్తుంది. కళేబరాలు పాడవకుండా పోసే ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండుతూనే ఉంటాయి, తల దువ్వుకున్నా వాసన, అన్నం కలుపుకున్నా వాసన. పేర్లు బట్టీ పడితే పరీక్ష పాసవుతావు గానీ ఆ జ్ఞానం చేతిలోకి రాదు. మేం ఏం చేసేవాళ్ళమంటే, సాయంత్రం నలుగురం కూర్చుని ఒక గోనెసంచిలో ఎముక వేసి, చూడకుండా చెయ్యి లోపల పెట్టి చెప్పాలి, ఇది ఏ ఎముక, ఆవుదా గుర్రానిదా, ఎడమదా కుడిదా. మొదట్లో ఎవరికీ వచ్చేది కాదు. రెండు నెలలకి బొటనవేలితో ఒక గుంట, ఒక గీత తగిలితే చాలు, చెప్పేసేవాళ్ళం. ఎందుకు చెప్తున్నానంటే, రేపు ఆవు కట్టిందా లేదా చూసే చూడి పరీక్షకి నువ్వు మోచేతి పైదాకా చెయ్యి లోపల పెట్టినప్పుడు నీ కళ్ళు ఎందుకూ పనికిరావు, కొట్టం గోడ చూస్తూ నిలబడి వేళ్ళతో చూడాలి. మన వృత్తిలో సగం కళ్ళు చేతుల్లోనే ఉంటాయి తల్లీ. ఆ చేతుల గురించే నా భయమంతా, కింద తెలుస్తుంది.

ఫామ్ డ్యూటీకి పొద్దున చీకటితో లేపితే విసుక్కోకు. పాలు పిండటం నేర్చుకో, మెషీన్ ఉన్నా చేత్తో నేర్చుకో. పొదుగు పట్టుకుంటే వేడిగా ఉందా గట్టిగా ఉందా అన్నది ఏ స్లైడూ చెప్పదు, పొదుగువాపు మొదటి రోజే పట్టుకున్న డాక్టర్ ఆ ఇంటికి నెల జీతం కాపాడినట్టే. ఆవు 280 రోజులు మోస్తుంది, బర్రె 310, గొర్రె, మేక 150, ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పాలి, ఎందుకంటే రైతు నిన్ను మొదట అడిగేది ఎప్పుడు ఈనుతుందనే. ఇంకోటి, ఇప్పటి పిల్లలందరికీ కుక్కలు, పిల్లుల క్లినిక్ పెట్టాలనే ఉంది, జూబ్లీహిల్స్‌లో ఏసీ గదిలో. తప్పేం లేదు, అవీ ప్రాణాలే, వాటి వైద్యం కూడా కష్టమే. కానీ 2019 పశుగణనలో గొర్రెల్లో దేశం మొత్తం మీద మన తెలంగాణే ఫస్ట్, కోటీ తొంభై లక్షలకి పైనే. పారుడు రోగం వచ్చి మంద మందంతా ముక్కు కారుతూ నిలబడితే ఆ కురుమాయనకి కనిపించే డాక్టరు నువ్వే. గొర్రెల క్లాసుల్లో ఫోన్ చూసుకుంటూ కూర్చోకు.

సరే, అసలు సంగతి.

1988 మే. నాకు ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక చిన్న ఊరి పశువుల ఆస్పత్రి. రెండు గదులు, బయట వేపచెట్టు, దాని కింద ట్రావిస్, అంటే పశువు కదలకుండా నిలబెట్టే చట్రం. జనం వచ్చేవాళ్ళు, నన్ను చూసేవాళ్ళు, నా వెనక కాంపౌండర్‌ని చూసి "సార్ లేడా?" అనేవాళ్ళు. రోజుకి పదిసార్లు. నేనే డాక్టర్ని అంటే ఒకసారి కింద నుంచి పైకి చూసి, కాంపౌండర్‌తోనే మాట్లాడేవాళ్ళు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, లోపల మండిపోయేది. మగ డాక్టరు ఒకసారి చెయ్యి పెట్టే చోట నేను రెండుసార్లు పెట్టేదాన్ని, ఎవరూ నన్ను భయపడిందనకూడదని.

ఒకరోజు పదకొండు గంటలకి ఒక ముసలామె, ఆమె మనవడు, పదేళ్ళుంటాయి, బర్రెని తోలుకొచ్చారు. సొల్లు తీగలు తీగలుగా కారుతోంది, నిన్నటి నుంచి మేత లేదు, నీళ్ళ దగ్గరికి మూతి తీసుకెళ్తోంది గానీ మింగట్లేదు. మామిడి టెంక ఇరుక్కుంది గొంతులో అన్నారు. ఎండాకాలం, మామిడిపళ్ళ రోజులు, పెంటకుప్ప మీద టెంకలు తిని గొంతులో ఇరికించుకోవడం ఆ సీజన్‌లో మామూలే, అంతకు ముందు వారమే ఒకటి తీశాను, ఊళ్ళో పేరొచ్చింది. బర్రెని ట్రావిస్‌లోకి ఎక్కించాం. కాంపౌండర్ ముక్కు పట్టుకున్నాడు, పిల్లాడు వద్దన్నా వినకుండా దవడ కింద చెయ్యేసి తల ఎత్తి పట్టుకున్నాడు, ఆ సొల్లంతా వాడి మోచేతుల మీదికి. ముసలామె పక్కన నిలబడి ఏదో చెప్తోంది, "దొరసానమ్మా, నెలన్నర కింద ఓ కుక్క..." అని. నేను "ఇప్పుడు అది కాదమ్మా, ఆగు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. నాలుకని ఒక పక్కకి లాగి పట్టుకుని చెయ్యి లోపలికి పెట్టాను, గ్లోవ్స్ లేవు, ఉన్నా వేసుకునేదాన్ని కాదేమో. దవడ పళ్ళ అంచులు ఎంత పదునుగా ఉంటాయో నీకు తర్వాత తెలుస్తుంది, వేళ్ళ కణుపుల మీద మూడు చోట్ల గీసుకుపోయింది. లోపలంతా వెతికాను. టెంక లేదు. గొంతు వదులుగా ఉంది, చెయ్యి పెడితే మింగడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదది. అక్కడ ఆగి ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. టెంక ఇంకా కిందికి జారి ఉంటుందని చెప్పి, గ్లూకోజ్ ఎక్కించి, రేపు తీసుకురమ్మని పంపాను. వెళ్ళేటప్పుడు దాని వెనక కాలు గిట్ట దగ్గర మడతపడుతోంది. అరిచింది ఒకసారి, గొంతు బొంగురుగా. చూశాను, విన్నాను, రెండూ నాకు పుస్తకంలో ఉన్నవే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. అయినా బుర్రలో వెలగలేదు, మామిడి టెంక అడ్డం పడింది.

మర్నాడు వాళ్ళు రాలేదు. మూడో రోజు పొద్దున కాంపౌండర్ వచ్చి చెప్పాడు, బర్రె రాత్రి చచ్చిపోయిందట, చచ్చేదాకా ఒర్రుతూనే ఉందట, ఊరంతా నిద్ర లేదట. నేను అప్పుడే చెయ్యి చూసుకున్నాను. గీతలు చెక్కు కట్టి ఉన్నాయి. కుర్చీలో కూర్చుండిపోయాను, ముసలామె ఆ సగం మాట అప్పుడు పూర్తిగా వినిపించింది నాకు. కుక్క. నెలన్నర కింద కుక్క కరిచింది.

నేనే వెళ్ళి తల కోసి, ఈసారి గ్లోవ్స్ వేసుకుని, ఐసులో పెట్టించి హైదరాబాద్ ల్యాబ్‌కి పంపాను. రేబిసే. అప్పటికే ముసలామె ఇంటికి వెళ్ళి గుమ్మం దగ్గరే చెప్పేశాను, అమ్మా, నేను నీ మాట వినలేదు, నువ్వూ పిల్లాడూ నాతో రావాలి అని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పిల్లాడి చేతులు తన కొంగుతో తుడిచింది, ఇప్పుడు తుడిస్తే ఏం లాభమని ఆమెకి తెలుసో తెలీదో. ఆ తుడవడం తలుచుకుంటే ఇప్పుడు కూడా నాకు అన్నం దిగదు.

నేను, కాంపౌండర్, ముసలామె, పిల్లాడు, నలుగురం రోజూ పొద్దున బస్సులో జిల్లా ఆస్పత్రికి. అప్పటి వ్యాక్సిన్ గొర్రె మెదడు నుంచి తీసేది, బొడ్డు చుట్టూ రోజుకొకటి, పధ్నాలుగు రోజులు. మూడోదానికే పొట్ట గట్టిపడి, కుంకుడుకాయంత గడ్డలు, బస్సు గుంతలో పడితే పిల్లాడు పళ్ళు బిగించేవాడు. కొంతమందికి ఆ వ్యాక్సిన్ వల్లే పక్షవాతం వచ్చేది, అది తెలిసి వేయించుకోవాలి. అమ్మకీ నాన్నకీ చెప్పొద్దని మీ నాన్నకి ఒక్కడికే ఉత్తరం రాశాను. వాడప్పుడు ఇంటర్ పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాడు. ఇంట్లో ఏదో అబద్ధం చెప్పి సంచి వేసుకుని వచ్చేశాడు. ఆ పధ్నాలుగు రోజులూ నాతోనే బస్సెక్కాడు, వంట రాదు, ఉడికీ ఉడకని అన్నం వండేవాడు. రాత్రిళ్ళు నిద్రపోయినట్టు పడుకుని, నేను మంచినీళ్ళు తాగుతున్నప్పుడు గుటక పడుతోందా లేదా అని చీకట్లో వినేవాడు. నాకు తెలుసు వాడు వింటున్నాడని. అందుకని గట్టిగా శబ్దం చేస్తూ తాగేదాన్ని. ఆ జబ్బు బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది, వాడు సెలవులయ్యాక కూడా వారం వారం కార్డు రాసేవాడు, "నీళ్ళు తాగుతున్నావా అక్కా" అని. అదొక్క లైనే.

అర్థమైందా ఇప్పుడు, నిన్న రాత్రి వాడెందుకు ఆగాడో. వాణ్ణి ఏమీ అనకు.

నలుగురం బతికాం. ఆ పిల్లాడు ఇప్పుడు లారీ ఓనరు, శంషాబాద్ వైపు లోడు వస్తే ఫోన్ చేస్తాడు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి ముందు నుంచి ఆటోలో వెళ్ళినప్పుడల్లా నేను అటు చూడను, ఈ జబ్బు వచ్చినవాళ్ళని ఎక్కడెక్కడి నుంచో అక్కడికే తెస్తారు, లక్షణాలు మొదలయ్యాక ఇంక చెయ్యడానికి దాదాపు ఏమీ ఉండదు.

కాబట్టి విను. కాలేజీలో క్లినిక్ మొదలయ్యేది తర్వాత కదా అనుకోకు, చేరిన నెలలోనే ముందుజాగ్రత్త వ్యాక్సిన్ మూడు డోసులు వేయించుకుంటావు, మొదటి రోజు, ఏడో రోజు, మళ్ళీ ఇరవై ఒకటో ఇరవై ఎనిమిదో రోజు. ఇప్పుడు బొడ్డు చుట్టూ ఏం లేదు, భుజానికే. ఇవి వేయించుకుని ఉంటే రేపు ఏదైనా కరిచినా, గీసినా మళ్ళీ రెండు డోసులు చాలు, గాయం దగ్గర వేసే రేబిస్ సీరం అక్కర్లేదు. వ్యాక్సిన్ వేయించుకున్నా సరే, సొల్లు పడ్డ చోట, గాయం అయిన చోట సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసి కడుగు, మనకి పదిహేను అనిపించేది మూడే ఉంటుంది. మింగలేని పశువు వస్తే, గొంతులో ఏదో ఇరుక్కుందని ఎవరెన్ని చెప్పినా, ఎంత తొందర పెట్టినా, నోట్లో చెయ్యి పెట్టే ముందు కుక్క కరిచిందా అని అడుగు, ఇంట్లో అందర్నీ అడుగు, పిల్లల్ని కూడా, పెద్దవాళ్ళు చూడనివి వాళ్ళే చూస్తారు. ముసలివాళ్ళు మాట మొదలుపెడితే పూర్తి చెయ్యనివ్వు. పాలు తాగామని ఏడుస్తారు, మరిగించిన పాలతో భయం లేదని చెప్పు, పచ్చిపాలు తాగితే మాత్రం డాక్టర్ దగ్గరికి పంపు.

మాయ పడని బర్రెకి, నెలలు నిండకుండానే ఈసుకుపోయిన ఆవుకి పొడుగు గ్లోవ్స్ లేకుండా చెయ్యి తగిలించకు, పశువుల నుంచి మనకి అంటే బ్రూసెల్లా క్రిమి పట్టుకుంటే నెలల తరబడి జ్వరం, కీళ్ళు పోతాయి, నా బ్యాచ్‌లోనే ఒకతనికి వచ్చింది. ఉన్నట్టుండి చచ్చి ముక్కులోంచి గడ్డకట్టని రక్తం కారుతున్న పశువుని పోస్టుమార్టం చెయ్యకు, ఎంత పెద్ద సారు కొయ్యమన్నా సరే, ముందు చెవి దగ్గర రక్తం తీసి స్లైడ్ చూడు, దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్, కాదని తేలాకే కత్తి.

సంక్రాంతికి మీ గల్లీలో బండి కింద పడ్డ కుక్కపిల్లని నువ్వు ఉత్త చేతులతో ఎత్తుకొచ్చావు, నోట్లోంచి రక్తం కారుతుంటే, నీ కొత్త చున్నీలో చుట్టి. అందరి ముందు నీ మీద అరిచాను, చేతులు రెక్కపట్టి లాక్కెళ్ళి నల్లా కింద పెట్టాను. నువ్వు రెండు రోజులు మాట్లాడలేదు నాతో. అరిచినందుకు నాకిప్పుడూ బాధ లేదు తల్లీ, కానీ ఒకటి నీకు ఆరోజు చెప్పలేదు. గేటు దగ్గర నిన్ను చూడగానే, ఇది మన పిల్ల, ఇది డాక్టరవుతుంది అనుకున్నాను. మీ మామయ్యతో ఆ రాత్రే అన్నాను కూడా, అడుగు కావాలంటే.

"మేడమ్, సార్ లేరా?" అని నిన్ను కూడా అడుగుతారు. తక్కువగా అడుగుతారేమో, మీ క్లాసులో సగం మంది అమ్మాయిలే ఉంటారట కదా, అయినా అడుగుతారు. అప్పుడు నాలాగా గబగబా చెయ్యి పెట్టేసి చూపించాలని చూడకు. స్టూల్ లాక్కుని కూర్చుని, "చెప్పండి, ఎప్పటి నుంచి ఇలా ఉంది" అని అడుగు.

శనివారం సాయంత్రమే వచ్చెయ్, ఆదివారం ఇక్కడే ఉండు, సోమవారం పొద్దున్నే నిన్ను నారాయణగూడలో వ్యాక్సిన్లు వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంకి తీసుకెళ్తాను, మొదటి డోసు నా ముందే పడాలి. ఆధార్ కార్డు మర్చిపోకు. డిసెక్షన్ బాక్స్ కొనకు, నాది ఉంది, కత్తెర ఒక్కటి సాన పెట్టించాలి. గమ్‌బూట్లు మాత్రం కొత్తవి కొందాం, నీ చెప్పుల సైజు ఎంతో నాకు ఈ రాత్రే మెసేజ్ పెట్టు. మీ నాన్నని కూడా రమ్మను, సెలవు పెట్టుకుని రమ్మను, ఆ ఇంజెక్షన్ వేసేటప్పుడు వాడు పక్కన ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

మీ అత్త