నాలుగోవాడెవడో తేల్చుకో, అల్లుడూ

చి॥ అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ చేసేసరికి ఇక్కడ రాత్రి పదకొండు దాటింది. ఈ వేళప్పుడు ఎవరికి ఏమయిందోనని మీ అత్తయ్య కంగారుగా లేచి కూర్చుంది. తీరా చూస్తే నీ గోలంతా, నువ్వు కోచింగ్ ఇచ్చే కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుతో వచ్చే శనివారం ఆడబోయే టీమ్‌ది త్రీ-ఫోర్ డిఫెన్స్ అని, అంటే ముందు ముగ్గురు లైన్‌మెన్, వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు అని! "ఏం ప్లేలు పెట్టమంటావు మామయ్యా?" అన్నావు. నిద్రమత్తులో ఏదో చెప్పాను గానీ, తెల్లారాక ఆలోచిస్తే నువ్వు అడగాల్సిన ప్రశ్న అది కాదనిపించింది. అందుకే ఈ ఉత్తరం. తెలుగులో ఎందుకు రాశానంటావేమో, నువ్వు చదవడం మర్చిపోతున్నావని మీ అమ్మ ఫిర్యాదు.

ముందు ఒక్క మాట. త్రీ-ఫోర్ బలం ఆ ముందున్న ముగ్గురిలో లేదు, వెనకున్న నలుగురిలోనూ లేదు. దాదాపు ప్రతి పాస్‌కీ ఆ ముగ్గురితో పాటు నాలుగోవాడొకడు, బంతి విసిరే నీ క్వార్టర్‌బ్యాక్ మీదకొస్తాడు. వాడెవడో బంతి కదిలేదాకా నీకు తెలియనివ్వరు. కుడివైపు అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ కావచ్చు, ఎడమవైపువాడు కావచ్చు, మధ్యలో ఉన్న ఇద్దరిలో ఎవడైనా కావచ్చు. ముందు నలుగురు, వెనక ముగ్గురు ఉండే ఫోర్-త్రీలో ఆ నలుగురూ ముందే చెయ్యి నేలకానించి కూర్చుంటారు, దాపరికం తక్కువ. ఇక్కడ ఆటంతా దాపరికమే. నువ్వు మనుషుల్ని నిలబెట్టే ఫార్మేషన్, బంతి కదలకముందు ఒకణ్ణి పక్కకి పంపే మోషన్, పిలిచే ప్లే అన్నీ ఆ నాలుగోవాణ్ణి బంతి కదలకముందే బయటపెట్టడానికి పనికిరావాలి. పనికిరానిది ఎంత అందంగా ఉన్నా ఈ వారానికి పక్కన పెట్టు.

నాకు ఇది పట్టుబడింది కబడ్డీ వల్లే. నవ్వకు. కూతకెళ్లినవాడికి ఎదురుగా ఏడుగురుంటారు. ఇక్కడా మూడూ నాలుగూ కలిపితే ఏడే. మా ఊళ్లో బాగా కూతకెళ్లేవాళ్లు ఎదుటివాళ్ల మొహాలు చూసేవాళ్లు కాదు, పాదాలు చూసేవాళ్లు. పట్టుకు రాబోయేవాడి మడమ ముందే లేస్తుంది. 1979లో నేను చదువుకి ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న నార్మన్ వచ్చినప్పుడు బిల్లీ సిమ్స్ అనే రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు, ఓక్లహోమాకి ఆడుతున్నాడు. ఊరు ఊరంతా అతని పరుగు చూసేది. నాకు రూల్సు తెలియవు కాబట్టి ఎదురుగా ఉన్నవాళ్ల కాళ్లు చూస్తూ కూర్చునేవాణ్ణి. అలా మొదలైంది పిచ్చి.

ఆ ఊరికీ ఈ డిఫెన్స్‌కీ చుట్టరికం కూడా ఉంది. బడ్ విల్కిన్సన్ అనే కోచ్ ఓక్లహోమాలో ఆడించిన ఫైవ్-టూలో, అంటే ముందు ఐదుగురు, వెనక ఇద్దరు ఉండే అమరికలో, ముందు వరుస చివరి ఇద్దర్నీ లేపి నిలబెడితే అదే త్రీ-ఫోర్. అదే ఓక్లహోమాలో కోచ్‌గా చేసిన చక్ ఫెయిర్‌బ్యాంక్స్ 1974లో న్యూ ఇంగ్లండ్ జట్టులో దాన్ని ప్రొఫెషనల్ ఆటకి ఎక్కించాడు. చరిత్ర పాఠం అయిపోయింది, పనిలోకి వద్దాం.

వాళ్ల పాత ఆటల ఫిల్మ్ పెట్టుకోగానే మొదట చూడాల్సింది ఆ ముగ్గురి పని ఏమిటన్నది. ఒక్కొక్కడూ నీ లైన్‌మెన్ మధ్య ఉండే సందులు, అంటే గ్యాప్‌లు, రెండేసి కాస్తున్నాడా, ఒకటేనా? రెండు గ్యాప్‌లు కాసేవాడు స్నాప్ అవగానే, అంటే బంతి కదలగానే, ముందుకు దూకడు. నీ వాడి ఛాతీ మీద రెండు చేతులూ వేసి, మోచేతులు చాపి, తల ఎటో ఒకవైపు పెట్టి బంతి కోసం చూస్తాడు. ఒక్క గ్యాప్ వాడు భుజం వంచి సందులోకి దూసుకొస్తాడు. రెండు రకాలనీ త్రీ-ఫోర్ అనే పిలుస్తారు. కానీ ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు. ఆగి చూసేవాడి మీదకి ఇద్దరిని పంపి నెట్టు. దూసుకొచ్చేవాణ్ణి రానిచ్చి, వాడు వదిలేసిన చోటు నుంచి పక్కనుంచి కొట్టు, అంటే ట్రాప్ అన్నమాట.

ఇక నోస్ టాకిల్, అంటే ఆ ముగ్గురిలో మధ్యవాడు. బంతిని వెనక్కి అందించే నీ సెంటర్ ముక్కుకి ఎదురుగా నూటనలభై కిలోల మనిషి. నేను హైస్కూల్లో లైన్ కోచింగ్ చేస్తున్న రోజుల్లో ఒక తప్పు చేశాను. మా సెంటర్ కుర్రాడు తెలివైనవాడు, కాళ్లు చురుకు, బరువు మాత్రం లేదు. ఒక ప్లేఆఫ్ ఆటలో నోస్‌ని వాడొక్కడే ఆపగలడని, వాడికి రెండువైపులా ఉండే గార్డులనీ లైన్‌బ్యాకర్ల మీదకి పంపొచ్చని లెక్కలు వేశాను. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. మొదటి హాఫ్ అయ్యేసరికి ఆ పిల్లవాడి జెర్సీ వీపు మొత్తం పచ్చగడ్డి మరక. ఛాతీ వైపు ఒక్క మరక లేదు. వాణ్ణి ఎన్నిసార్లు వెల్లకిలా పడేశారో ఆ మరకే చెప్పింది. విశ్రాంతిలో వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. ఇప్పటికీ త్రీ-ఫోర్ అనగానే నాకు ఆ వీపు గుర్తొస్తుంది.

కాబట్టి నోస్‌ని ఒంటరిగా ఎదుర్కోమని నీ సెంటర్‌కి చెప్పకు, ఎప్పుడో ఒకటీ రెండుసార్లు తప్ప. సెంటరూ ఒక గార్డూ తుంటికి తుంటి ఆనించి వాణ్ణి వెనక్కి నెట్టాలి. నాలుగు కళ్లూ మాత్రం వెనకున్న లైన్‌బ్యాకర్ మీదే ఉండాలి. ఆ లైన్‌బ్యాకర్ ఎటు వస్తే అటువైపువాడు విడిపోయి వాణ్ణి పట్టుకుంటాడు. కుర్రాళ్లు చేసే పొరపాటు తొందరగా విడిపోవడం. నోస్ కదలకుండా లైన్‌బ్యాకర్ మీదకి పరుగెత్తితే ఇద్దరూ దొరకరు. 2015 జనవరిలో ఇక్కడే టెక్సస్ ఆర్లింగ్టన్‌లో ఒహాయో స్టేట్ ఒరెగాన్‌ని 42-20తో ఓడించిన కాలేజీ ఫైనల్ తీసి చూడు. ఒరెగాన్‌ది త్రీ-ఫోరే. ఎజెకీల్ ఎలియట్ 246 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. అందరూ అతన్ని చూస్తారు, నువ్వు చూడొద్దు. లోపలి జోన్ అనే మధ్య నుంచి పరుగెత్తే ప్లేలో ఇద్దరేసి కలిసి ఒక్కొక్కణ్ణి ఎలా జరిపారో, ఎంతసేపు అంటిపెట్టుకున్నారో చూడు. ఒక్కో ప్లేని పదిసార్లు వెనక్కి తిప్పినా టైమ్ దండగ కాదు.

ఒహాయో స్టేట్ దారి అందరికీ లేదనుకో, అంత బరువున్న లైన్ నీకు లేకపోవచ్చు. అప్పుడు వామ్ అనే ప్లే వాడు. నోస్‌ని ఎవరూ ముట్టుకోరు, సెంటరూ గార్డులూ నేరుగా లైన్‌బ్యాకర్ల మీదకి పోతారు. నోస్ "ఏంటి, నన్ను వదిలేశారు" అని ఒక్క అడుగు ముందుకేస్తాడు. అప్పుడు పక్కనుంచి టైట్ ఎండ్, అంటే లైన్ చివర నిలబడేవాడు, వచ్చి గుద్దుతాడు. ఆటకి మూడుసార్లు చాలు. ఆ తర్వాత నోస్ ప్రతి స్నాప్‌కీ పక్క చూపులు చూస్తాడు. పక్క చూపులు చూసే నోస్ సగం నోస్.

ఆ తర్వాత వాళ్ల ఎండ్‌లు, అంటే ఆ ముగ్గురిలో నోస్‌కి రెండువైపులవాళ్లు, ఎక్కడ నిలబడుతున్నారో చూడు. నీ గార్డు పక్కన బయటివైపు ఉండే టాకిల్ బయటి భుజం మీద ఉంటే 5 టెక్నిక్, లోపలి భుజం మీద ఉంటే 4-ఐ. ఈ అంకెల పద్ధతికి పాత కోచ్ బమ్ ఫిలిప్స్ పేరే చెబుతారు. ఈమధ్య కాలేజీల్లో ఎక్కువగా ఇద్దరినీ 4-ఐలో కూర్చోబెట్టి మధ్యలో నోస్‌ని పెడుతున్నారు. లోపలి గ్యాప్‌లన్నీ మూసేశారన్నమాట. అక్కడ తలబాదుకోవద్దు, తలుపు బయట తెరిచి ఉంది. టాకిల్ బయట మిగిలింది ఒక్క అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్. 4-ఐ మీదకి టైట్ ఎండ్‌నో, లైన్‌కి దగ్గరగా నిలబడే రిసీవర్ అయిన స్లాట్‌నో లోపలికి దించి, గార్డునీ టాకిల్‌నీ లాగి బయటకి పంపే పిన్-పుల్ స్వీప్ పెట్టు. కాలేజీ మైదానంలో, బంతిని పెట్టే హద్దులైన హాష్ గీతలు పక్కగీతకి 60 అడుగుల దూరంలోనే ఉంటాయి. బంతి ఒక హాష్ మీద ఉంటే అటు చివరికి 100 అడుగుల జాగా. ప్రొఫెషనల్ ఆటలో ఈ సౌకర్యం లేదు. ఆ 100 అడుగులూ కాపలా కాయాల్సినవాడు ఆ ఒక్కడే అయితే వాడి మీద జాలి చూపించకు.

ఇప్పుడు అసలు కథ. ఆ అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్‌కి రెండు ఉద్యోగాలు. పరుగొస్తే అంచు కాయాలి, పాస్ అయితే క్వార్టర్‌బ్యాక్ మీదకి రావాలి లేదా స్లాట్ వెంట పోవాలి. ఇద్దరు రిసీవర్లని అటు, ఇద్దర్ని ఇటు పెట్టి విశాలంగా పరిస్తే వాడు తేల్చుకోక తప్పదు. రెండువైపులవాళ్లూ స్లాట్‌ల దగ్గరికి నడిస్తే పెట్టెలో, అంటే లైన్ ముందు జాగాలో, ముగ్గురు లైన్‌మెన్, ఇద్దరు లైన్‌బ్యాకర్లు, మొత్తం ఐదుగురే. నీ లైన్ ఐదుగురు. పరుగు. వాడు లోపలే ఉంటే స్లాట్‌కి బబుల్, అంటే పక్కకి వేసే పొట్టి పాస్. మధ్యలో ఎటూ కాకుండా నిలబడితే, చాలామంది తెలివైనవాళ్లు అలాగే నిలబడతారు, ఆర్‌పీవో, అంటే పరుగో పాసో క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునే ప్లే. కాలేజీ రూల్‌లో పాస్ ప్లేలో కూడా లైన్‌మెన్ మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు, ప్రొఫెషనల్‌లో ఒక్క గజమే. ఆ రెండు గజాల తేడా వల్లే నీ క్వార్టర్‌బ్యాక్‌కి వాడి మొదటి అడుగు చూసే టైమ్ దొరుకుతుంది. వాడు పరుగు మీదకి దిగితే క్వార్టర్‌బ్యాక్ బంతి ఉంచుకుని విసురుతాడు, వెనక్కి పోతే పరుగువాడికి ఇస్తాడు.

దీన్ని బయటపెట్టే చవకైన పద్ధతి మోషన్. రన్నింగ్ బ్యాక్‌ని వెనక నుంచి తీసి పక్కకి పంపు. అవతలి నుంచి ఎవడైనా వాడి వెంట వస్తే మనిషికి మనిషి కాపలా. ఎవడూ రాకుండా అందరూ అర అడుగు జరిగితే జోన్, అంటే ఎవడి జాగా వాడు కాయడం. మొదటి పది ప్లేలలో నాలుగైదుసార్లు ఇలా చేసి ఏమయిందో రాసుకోమని నీ దగ్గరున్న ఒక స్టూడెంట్‌కి అప్పజెప్పు.

పాస్ ప్రొటెక్షన్‌లో, అంటే విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటంలో, ఒక్క విషయం మీద మాత్రం పట్టుబట్టు, హెడ్ కోచ్ విసుక్కున్నా సరే. నీ రన్నింగ్ బ్యాక్‌ని వాళ్ల అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ మీదకి పంపే ఏర్పాటు చేయొద్దు. తొంభై కిలోలవాడు, పరుగున వచ్చే నూటపదిహేను కిలోలవాణ్ణి మూడోసారి ఆపలేడు. ఎవడు ఎక్కువ ప్రమాదమో తేల్చుకుని లైన్‌ని అటు తిప్పు, రన్నింగ్ బ్యాక్‌కి లోపలి లైన్‌బ్యాకర్ని ఇవ్వు. బ్లిట్జ్, అంటే అదనపు మనుషులు మీదకి రావడం, వచ్చిన వైపే బంతి వేయమని పాత కోచ్‌లు నూరిపోస్తారు. త్రీ-ఫోర్ మీద దాన్ని గుడ్డిగా నేర్పకు. జోన్ బ్లిట్జ్‌లో లైన్‌బ్యాకర్లు మీదకొస్తారు, ఎండ్ నెమ్మదిగా వెనక్కి జారి సరిగ్గా ఆ ఖాళీలోనే నిలబడతాడు. నీ క్వార్టర్‌బ్యాక్ ఖాళీ అనుకుని విసిరిన బంతి వాడి పొట్టకి తగులుతుంది. వాడికి క్యాచ్ పట్టడం రాకపోతే నీ అదృష్టం.

ఎండ్ జారతాడని ముందే ఎలా తెలుస్తుందంటావా? చెయ్యి చూడమని చెప్పు. మీదకొచ్చేవాడు బరువంతా నేల మీద ఆనించిన చేతి మీద వేస్తాడు, వేళ్ల కొసలు తెల్లబడతాయి. వెనక్కి పోవాల్సినవాడి వేళ్లు గడ్డిని ఊరికే తాకుతుంటాయి. నీ టాకిల్‌కి ఇది రెండడుగుల దూరంలో కనిపిస్తుంది. ప్రెస్ బాక్స్‌లో కూర్చున్న నీకు కనిపించదు. వాళ్లనే అడుగు, ప్రతి సిరీస్ తర్వాతా.

హడిల్ లేకుండా, అంటే ప్లేల మధ్య గుమిగూడి మాట్లాడుకోకుండా, ఆడే ఓపిక మీ టీమ్‌కి ఉందా? ఉంటే అదే పెద్ద ఆయుధం. నువ్వు మనుషుల్ని మార్చితే వాళ్లకీ మార్చుకునే టైమ్ ఇవ్వాలని రూల్. నువ్వు మార్చకపోతే ఆ నూటనలభై కిలోలాయన మైదానంలోనే ఇరుక్కుపోతాడు. 2017 జనవరిలో టాంపాలో క్లెమ్సన్ అలబామా మీద 99 ప్లేలు ఆడింది. మూడో క్వార్టర్ అయ్యేసరికి 24-14తో వెనకబడి ఉంది. చివరి క్వార్టర్‌లో మూడు టచ్‌డౌన్లు కొట్టి, ఒక్క సెకండు మిగిలి ఉండగా 35-31తో గెలిచింది. డిషాన్ వాట్సన్ 420 గజాలు విసిరాడు, నిజమే. కానీ అలబామా ముందు వరుస అప్పటికి ఎన్నిసార్లు లేచి కూర్చుందో లెక్కపెట్టు. నోస్ నడుము మీద చేతులు పెట్టుకున్నాడంటే ఇక నీ లోపలి జోన్ మొదలుపెట్టొచ్చు.

స్క్రీన్‌లు, ప్లే యాక్షన్ గురించి నీకు చెప్పక్కర్లేదు, నాకన్నా బాగా తెలుసు. ఒక్కటి మాత్రం: ఇవన్నీ ఒకే వారంలో ఎక్కించకు. రెండు పరుగులు, వాటికి అతికిన రెండు ఆర్‌పీవోలు, ఒక వామ్, ఒక స్వీప్, రెండు ప్రొటెక్షన్లు. కుర్రాళ్ల బుర్రల్లో అంతకుమించి పట్టదు, గురువారం మిడ్‌టర్మ్ కూడా ఉందన్నావు కదా.

అన్నట్టు, ప్రాక్టీస్‌లో ఎదుటి జట్టులా ఆడే స్కౌట్ టీమ్‌లో నోస్‌గా ఎవర్ని పెడుతున్నారు? మొదటి ఏడాది కుర్రాణ్ణి పెడితే నీ సెంటర్ ఐదు రోజులు హాయిగా గెలుస్తాడు, శనివారం గడ్డి మీద పడతాడు. మీ రెండో వరుస గార్డుల్లో అందరికన్నా బరువైనవాణ్ణి అడిగి, చేతులకి ప్యాడ్‌లు తొడిగి అక్కడ నిలబెట్టు. వాడు సణుగుతాడు, ఒక పిజ్జా ఇప్పించు. బుధవారం రాత్రికి ఆ ఫిల్మ్ నాకు పంపు, మీ సెంటర్ వీపు కనిపించేలా వెనక నుంచి తీసింది.

ఇట్లు,
మీ మామయ్య